ఖాళీ అని రాసిన చోట

మైలపల్లి నూకరత్నం వచ్చిన రోజున హైమవతికి ఆమెను కలిసే ఉద్దేశం లేదు. కొండ మీద హైమవతి నడిపే పరిశోధనశాలకు రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. తమ ఆలోచన ఎలా నడుస్తుందో చూసుకోవాలని కొందరు, తమ బిడ్డకు చదువు ఏ దారిన ఎక్కుతుందో చెప్పమని కొందరు. పేరు రాయించుకుని వెళ్లమంటే వెళ్లిపోతారు. ఈ అమ్మాయి మాత్రం కదల్లేదు. కాపలా గది గోడకు ఆనుకుని, కింద కనిపిస్తున్న సముద్రం వైపు తిరిగి, మధ్యాహ్నం దాకా ఎండలోనే నిలబడింది. తనకో ఫిర్యాదు ఉందట. పెద్ద మేడంగారితో తప్ప మరొకరితో చెప్పదట.

భోజనం ముగించుకుని వస్తూ హైమవతి గేటు దగ్గర ఆగింది. అమ్మాయికి ఇరవై రెండో మూడో ఏళ్లుంటాయి. ఒంటి మీద రేవు పనివాళ్లు తొడుక్కునే నారింజ రంగు కోటు ఉంది. ఏం కావాలని అడిగితే వెంటనే జవాబు రాలేదు. హైమవతి రెండోసారి అడగబోతుండగా అప్పుడు నోరు విప్పింది.

"మీ బల్ల నన్ను ఖాళీ అని రాసిందండి. ఖాళీ అంటే ఏటో తెలుసుకుందామని వచ్చాను."

ఆ బల్ల హైమవతి జీవితమంతా పెట్టి చేసిన పని. కాగితాల మీద దానికి పెద్ద పేరే ఉంది కానీ అందరూ నడకబల్ల అనేవారు. మనిషి తలకు పల్చని టోపీ ఒకటి తొడిగి, అంతకుముందు ఎన్నడూ చూడని వస్తువేదో చేతికిస్తారు. తెరిచే కిటుకు తెలియని చెక్కపెట్టె కావచ్చు, ఏనాడూ చదవని లిపి కావచ్చు. దాన్ని అర్థం చేసుకోవాలని బుర్ర పడే పాట్లన్నీ టోపీ పట్టుకుంటుంది. గది మధ్యలో ఉన్న నల్లని గాజుబల్ల మీద అవి వెలుగుదారంగా సాగుతాయి. ఆ దారం సాగే తీరే ఆ మనిషి ఆలోచన నడక. ఒకరి నడక ఒకరికి ఉండదు. ఓ మృదంగం మాస్టారి దారం బల్ల అంచు చుట్టూ తిరిగి తిరిగి, చిట్టచివర మధ్యకు దూకింది. ఓ ప్లీడరుగారి దారం నాలుగడుగులు ముందుకు వేసిన ప్రతిసారీ మొదటికి వెళ్లి మళ్లీ బయలుదేరింది. తను ఏదైనా చెప్పడం మొదలుపెడితే ఇంట్లో వాళ్లు ఎందుకు లేచిపోతారో ఇప్పుడు తెలిసిందని ఆయన నవ్వాడు. బడిలో లెక్కలు రావని తిట్లు తిని చదువు మానేసిన యాభై ఏళ్ల గృహిణి, తన దారం అంకెల మీద కాకుండా ఆకారాల మీద కాలు మోపుతూ వెళ్లడం చూసి, ఆ బల్ల పక్కనే కూర్చుని ఏడ్చింది. ఆ ఏడాదే బొమ్మలు గీసుకుంటూ బీజగణితం నేర్చుకుంది.

అలాంటివి చూసిన తర్వాతే ప్రభుత్వం బల్లను బడులకూ శిక్షణ కేంద్రాలకూ పంపింది. ఎవరి నడకను బట్టి వారికి పాఠం చెప్పాలని ఏర్పాటు. ఎక్కడో వందలో ఒకరిద్దరికి మాత్రం దారం కాస్త సాగి ఆరిపోయేది. ఆ తర్వాత బల్ల నల్లగా ఉండిపోయేది. అలాంటప్పుడు యంత్రం 'గమనం లేదు' అని తేల్చేది. ఊళ్లలో బల్ల నడిపే వాళ్లు దాన్ని తేలిక చేసి ఖాళీ అన్నారు. ఆ మాటే స్థిరపడింది.

నూకరత్నం జాలరిపేట పిల్ల. రేవులో క్రేను నడపడం నేర్చుకుంటోంది. క్రేను ఎక్కితే సరుకు పెట్టె కింద గుడ్డు పెట్టినా పగలకుండా దించుతుందని తోటివాళ్లు అనేవారు. తరగతిలో కూర్చుంటే మాత్రం అడిగినదానికి పలకదు. ఆమెకు జవాబు అందేసరికి మాస్టారు మరో నలుగురిని దాటి వెళ్లిపోయి ఉంటాడు. పరీక్ష రెండుసార్లు పోయింది. ఇంతలో కేంద్రానికి నడకబల్ల వచ్చింది. ఖాళీ అని తేలిన మనిషిని అంత ఎత్తున కూర్చోబెట్టడం ప్రమాదమని, ఆమెను క్రేను మీంచి దింపి కింద కొక్కేలు తగిలించే పనిలో వేశారు.

యంత్రం అబద్ధం చెప్పదని హైమవతికి గట్టి నమ్మకం. ఆ మాట మెత్తగానే చెప్పింది. ఎండలో నిలబడి వచ్చింది కదా అన్న మొహమాటానికి మరోసారి చూద్దామని లోపలికి పిలిచింది.

బల్లను కట్టిన ఇంజనీరు ఇమ్మానియేలు టోపీ తొడిగి చెక్కపెట్టె చేతికిచ్చాడు. దారం బయలుదేరింది. జానెడు సాగింది. ఆరిపోయింది. మామూలుగా అయితే పరీక్ష అక్కడితో ఆపేస్తారు. హైమవతి ఆపమనలేదు, ఆ పిల్ల మొహం చూస్తూ ఊరుకుంది. నూకరత్నం పెట్టెను తాకను కూడా తాకలేదు. దాన్ని చూస్తోందో, దాని వెనకాల గోడను చూస్తోందో చెప్పడం కష్టం. ఇమ్మానియేలు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఉన్నట్టుండి ఆమె చేతులు కదిలాయి. ఒక గడియ జరిపి, పెట్టెను బోర్లించి, రెండోది నొక్కి, మూత లాగేసింది. ఒక్క తప్పు కదలిక లేదు. ఆ క్షణంలో బల్ల మీద దారం కాదు, బల్ల మొత్తం ఒక్కసారి మెరిసి ఆరింది.

ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందని హైమవతి ఇమ్మానియేలును అడిగింది. అతనికీ తెలియలేదు. ఏమీ లేనిచోటి నుంచి జవాబు రాదు కదా. లోపల ఏమనిపించిందని ఆమె అమ్మాయిని అడిగి, ఈసారి ఓపిగ్గా ఆగింది.

"నాకూ తెలీదండి," అంది నూకరత్నం చివరికి. "ఏటో అవుతుంటాది. మాటలుండవు. అది అవుతున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే పోతాది. మళ్లీ మొదట్నుంచి రావాల. అందరికీ అలాగే అనుకున్నానండి, మీ బల్ల ఖాళీ అనీదాకా."

ఆమె వెళ్లిపోయాక ఇమ్మానియేలు చాలాసేపు బల్ల అంచు తుడుస్తూ నిలబడ్డాడు. తర్వాత ఒక సంగతి గుర్తు చేశాడు. మొదట్లో బల్ల మీద దారంతో పాటు సన్నని వెలుగుపొడి కూడా పడేది. పెద్దలు చూడటానికి వస్తున్నారని, ఆ పొడి వల్ల బొమ్మ మురికిగా కనిపిస్తోందని, దాన్ని తీసేయాలనుకున్నారు. బలహీనమైన సంకేతాలన్నిటినీ పక్కకు తోసే జల్లెడ ఒకటి యంత్రంలో పెట్టారు. అప్పటినుంచి బల్ల శుభ్రంగా ఉంది. జల్లెడ సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

"అప్పుడు ధూళి అనుకున్నాం మేడం," అన్నాడతను.

జల్లెడ తీసేయడానికి మర్నాడంతా పట్టింది. ఆ మరుసటి రోజు పొద్దున్నే నూకరత్నాన్ని పిలిపించారు. కిటికీలకు నల్లటి తెరలు దించారు. ఈసారి ఆమెకు వేరే పెట్టె ఇచ్చారు.

దారం ఎప్పటిలాగే జానెడు సాగి ఆరిపోయింది. గది చీకటైంది. హైమవతికి తన ఊపిరి చప్పుడు తనకే వినిపిస్తోంది. కాసేపటికి కళ్లు చీకటికి అలవాటుపడ్డాయో, బల్ల మీదే ఏదైనా మొదలైందో తెలియలేదు. అవతలి అంచున పొగమంచులాంటిది కనిపించింది. అది విచ్చుకుంది. అది మంచు కాదు, చుక్కలు. లెక్కకందని చుక్కలు. దారంలా ఒకదాని వెంట ఒకటి నడవడం లేదు. బల్ల ఈ చివర ఉన్నదీ ఆ చివర ఉన్నదీ ఒకేసారి కదులుతున్నాయి. ఆకాశంలో వెళ్తున్న పిట్టల గుంపు ఎవరూ చెప్పకుండానే ఒక్కసారిగా మలుపు తిరిగినట్టు, ఆ చుక్కలన్నీ కలిసి ఓ పక్కకు ఒరిగాయి, ఆగాయి, మరో పక్కకు ఒరిగాయి. ప్రతి ఒరుగుకూ ఏదో ఆకారం వచ్చి చెదిరిపోతోంది. అది పెట్టె లోపలి అమరిక అని హైమవతి పోల్చుకుంది. ఆ పిల్ల పెట్టెను ముక్కముక్కగా విప్పడం లేదు. దాని సాధ్యాలన్నిటినీ ఒక్కసారే పట్టుకుని, గలగలలాడించి చూస్తోంది. చుక్కలు గాజు అంచుల దాకా వచ్చి అక్కడ తెగిపోతున్నాయి. అవతల ఇంకా ఉన్నాయి. బల్ల చాల్లేదు.

ఇమ్మానియేలు శిలువ గుర్తు వేసుకున్నాడు. హైమవతి బల్ల మీదికి వంగింది. ఇన్నేళ్లూ మనుషుల ఆలోచనను చూశాననుకుంది. చూసింది పైన తేలే దారాన్ని మాత్రమే. దాని కింద ఇంత ఉందని, అది ఏ మాటా లేకుండా, ఏ చప్పుడూ లేకుండా ఇలా పనిచేస్తుందని ఆమె కలలో కూడా ఊహించలేదు.

పెట్టె తెరుచుకుంది. బల్ల మెరిసింది. ఆ తర్వాత నూకరత్నం నడకను మళ్లీ బల్ల మీద ఆడించి ఆమెకే చూపించారు. ఆమె టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి, రెప్ప వేయకుండా చూసింది. అయిపోయాక మళ్లీ వేయమంది. మూడోసారి కూడా అడిగింది.

"ఇదంతా నాదేనాండి?" అంది నెమ్మదిగా. "ఇంత ఉందని నాకే తెలీదు." కొంతసేపయ్యాక, "మా అమ్మ చూస్తే బాగున్ను," అంది.

ఆ సాయంత్రం హైమవతి ఇంటికి వెళ్లడానికి భయపడింది.

ఇంట్లో ఆమె భర్త పురుషోత్తం ఉన్నాడు. వంతెనలు కట్టిన ఇంజనీరు. ఏ నదికి ఏ స్తంభం ఎక్కడ నిలుస్తుందో తేల్చడానికి ఒడ్డున గంటల తరబడి పలక్కుండా కూర్చునేవాడని పేరు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. చెబుతున్నది ఆయనకు అర్థం కావడం లేదనే డాక్టర్లు అన్నారు. హైమవతి తన నమ్మకం కొద్దీ ఆయన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్లి పరీక్ష చేసింది. దారం రెండంగుళాలు కూడా సాగలేదు. గమనం లేదని యంత్రం చెప్పింది. ఆమె ఆ రోజంతా ఏడ్చి, మర్నాటినుంచి ఆయన్ని అడగడం మానేసింది. ఇడ్లీ తింటారా, ఉప్మా తింటారా అని అడగదు. ఏదో ఒకటి నోట్లో పెడుతుంది. ఆయన ఎదుటే ఫోన్‌లో చుట్టాలతో, ఆయనకేం తెలియదు పాపం, అదే ఒకందుకు మేలు అనేది. టీవీ పెట్టి వదిలేసేది. చంటిపిల్లలతో మాట్లాడినట్టు ముద్దుగా మాట్లాడేది.

ఆ రోజు ఆయన పడక్కుర్చీలో ఎప్పటిలాగే కిటికీ వైపు చూస్తూ ఉన్నాడు. పగలు చూసుకునే నర్సు వెళ్లిపోయింది. హైమవతి చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడి ఆయన్ని చూసింది. ఆ కళ్ల వెనక ఆ చుక్కలు ఉన్నాయా? ఉంటే ఈ రెండేళ్లూ ఆయన అన్నీ విన్నాడు. తన గురించి తన ఎదుటే అన్న ప్రతి మాటా విన్నాడు. జవాబు కూడగట్టుకుంటున్న ప్రతిసారీ ఎవరో ఒకరు పలకరించి చెదరగొట్టి ఉంటారు. ఆయన లోపల లేకుండా ఉంటేనే బాగుండునని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి, వెళ్లి మోగుతున్న టీవీ కట్టేసింది.

మర్నాడు ఆయన్ని చక్రాల కుర్చీలో బల్ల దగ్గరికి తెచ్చారు. మరికొన్ని పరీక్షల కోసం వచ్చిన నూకరత్నం కూడా ఆ గదిలోనే ఉంది. హైమవతి ఆయన ముందు చెక్క ముక్కలు పరిచింది. కొలత ప్రకారం చెక్కిన ముక్కలవి. వరసగా పేరిస్తే జిగురు లేకుండా విల్లులా వంగి నిలబడే చిన్న వంతెన అవుతుంది.

దారం రెండంగుళాలు సాగి తెగింది. వాళ్లు ఆగారు. బల్ల అవతలి మూల మసకగా ఓ వెలుగు పుట్టింది. నూకరత్నం చుక్కల్లా వేగంగా కాదు. బహు నెమ్మదిగా, కొన్నిచోట్ల దెబ్బతిని, మధ్యలో పెద్ద పెద్ద నల్లటి గుంటలతో. అయినా ఆ చుక్కలు గుంటలను చుట్టి వస్తున్నాయి. ఒక దారి మూసుకుపోతే వెనక్కి మళ్లి మరో దారి వెతుకుతున్నాయి. వరద కొట్టుకుపోయిన చోట మనుషులు కొత్త కాలిబాట వేసుకున్నట్టుంది ఆ వెతుకులాట. మొత్తం బల్ల అంతటా ఆయన ఉన్నాడు.

"ఏవండీ," అంది హైమవతి. ఆపుకోలేకపోయింది. "ఏవండీ, నేను హైమని. ఇదిగో ఈ ముక్క తీసుకోండి." అలవాటు కొద్దీ ఆయన ఎడమ చేతిని పట్టుకుని ముక్క మీద పెట్టబోయింది.

చుక్కలన్నీ ఆరిపోయాయి. దీపం మీద గాలి ఊదినట్టు, ఆమె మాట ఎటు నుంచి వచ్చిందో అటు వైపు నుంచే ఆరుతూ వెళ్లాయి. ఆమె చేయి వదిలేసింది. మళ్లీ మూలన మసక వెలుగు మొదలైంది. అంతా మొదటి నుంచి. ఆమె కంగారుపడి క్షమించండని అంది. అదీ ఆరిపోయింది.

"ఊరుకోండి మేడం," అంది నూకరత్నం వెనక నుంచి, చాలా చిన్నగా.

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె అంతసేపు నోరు మూసుకున్నది ఎప్పుడూ లేదు. చుక్కలు వచ్చాయి, పరుచుకున్నాయి, ఒరిగాయి. తెర సందుల్లోంచి పడుతున్న ఎండ నేల మీద ఓ పలక నుంచి ఇంకో పలకకు జరిగింది. ఎట్టకేలకు పురుషోత్తం ఎడమ చేయి లేచింది. వంతెన కట్టలేదు. ఆ ముక్కల్లోంచి ఒకదాన్ని వేలితో తోసి, బల్ల చివరికి నెట్టి, అక్కడే ఉంచాడు.

అది ఆయనకు అర్థం కాలేదేమోనని ముందు అనుకున్నారు. ఇమ్మానియేలు ఆ ముక్క తీసి కొలిచి చూశాడు. అది ఆ వంతెనది కాదు. వేరే పెట్టెలోది పొరపాటున వచ్చి కలిసింది. అది ఉన్నంతకాలం ఆ వంతెన నిలబడదు.

హైమవతి ఆయన పాదాల దగ్గర కూలబడి, ఏడుపు చప్పుడు కూడా బయటికి రానివ్వకుండా ఏడ్చింది.

ఆ వారంలోనే ఆమె మొదటిసారి తన తలకు టోపీ పెట్టుకుంది. అన్నేళ్లుగా వేలమంది నడకలు చూసిన మనిషి తన నడక చూసుకోలేదు. తనకు తెలుసనుకుంది. తను శాస్త్రవేత్త, మెట్టు మీద మెట్టుగా, తిన్నగా ఆలోచిస్తుందని అనుకుంది. ఇమ్మానియేలు ఎప్పుడూ చూడని లిపి ఒకటి ముందుంచి మౌనంగా కూర్చున్నాడు. దారం బయలుదేరి, చిన్న సున్నా చుట్టింది. మళ్లీ సున్నా. అక్కడక్కడే తిరిగి సన్నబడిపోయింది. చుక్కలు కూడా లేవు. తెర దించిన గదిలో, జల్లెడ తీసేసిన బల్ల మీద ఏమీ లేదు.

"నేనే ఖాళీనా ఇమ్మానియేలు?" అని అడిగింది.

ఆ అక్షరం దేనిలా ఉంది మేడం అని అడిగాడతను. కొడవలిలా ఉందని, కాదు కొడవలికి పిడి ఉంటుంది, దీనికి లేదు, అంటే బహుశా ఇది సగం అక్షరమే అయి ఉంటుందని ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూనే బల్ల వైపు చూసి ఆగిపోయింది. దారం మొలతాడంత లావై, బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు దూకుతోంది. ఆమె ఆగగానే అదీ ఆగింది. అతను ఇంకో ప్రశ్న వేశాడు. మళ్లీ ఎగసింది, చీలింది, కొమ్మలు వేసింది. ఎదుటి మనిషి మాట పడిన చోటల్లా కొత్త కొమ్మ.

ఆమె ఒంటరిగా ఆలోచించే మనిషి కాదు. ఒకరికి బదులు చెబుతూ ఆలోచించే మనిషి. ఏది నేర్చినా అలాగే నేర్చింది. చిన్నప్పుడు పాఠాలు చెల్లెలికి చెప్పి నేర్చుకుంది. నడకబల్ల ఊహ కూడా ల్యాబులో పుట్టలేదు. వంటింట్లో కూర తరుగుతూ పురుషోత్తంతో చెబుతూ ఉండగా పుట్టింది. ఆయన వింటూ కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. మర్నాడో, ఆ మర్నాడో ఒక్క వాక్యం అనేవాడు. ఆ వాక్యం పట్టుకుని ఆమె నెల రోజులు పరుగెత్తేది. ఆయన పలకడం లేదని, వినడం లేదని ఎన్నిసార్లు కోప్పడిందో. ఆయన మాట పోయిన తర్వాత ఈ రెండేళ్లలో తను కొత్తగా ఒక్క ఊహ కూడా చేయలేదని ఆమెకు ఇప్పుడు తట్టింది. పనెక్కువై అలసిపోయాననుకుంది. కాదు, బదులు చెప్పడానికి ఎదురుగా మనిషి లేకుండా పోయాడు.

ఆయనకు నిశ్శబ్దం కావాలి. ఆమెకు మాట కావాలి. అన్నేళ్లు ఒకరి దారికి ఒకరు అడ్డుపడుతూనే, అలాగే బతికారు.

పథకం నడిపే అధికారుల దగ్గరకు హైమవతి స్వయంగా వెళ్లి, బల్లలను వెనక్కి తెప్పించమని కోరింది. వాళ్లు మర్యాదగానే విన్నారు. అంత అవసరం లేదన్నారు. ఖాళీ అన్న మాట కొట్టేసి, 'నిదాన నడక' అని ఇంకో మాట పెడితే సరిపోతుందన్నారు. ఆమె ఒప్పుకునేదేమో కూడా. అంతకు ముందురోజే నూకరత్నం ఒక మాట అని ఉండకపోతే. ఆ పిల్ల తన రికార్డు సరిచేస్తామంటే సంతోషించలేదు. ఖాళీ తీసేసి ఇంకో పేరు పెట్టొద్దని, ఏమీ రాయకుండా వదిలేయమని అడిగింది.

ఒప్పుకోనందుకు పరిశోధనశాలకు వచ్చే నిధులు ఆగిపోయాయి. సగం గదులకు తాళాలు పడ్డాయి. ఇమ్మానియేలు మాత్రం పక్క ఊళ్లో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ సాయంత్రాలు వచ్చేవాడు. ఆమె పట్టు వదలకపోవడంతో అధికారులు చివరికి దిగివచ్చినా, బల్లలు వెనక్కి రావడానికి నెలలు పట్టింది. ఈలోగా హైమవతి వీలైనన్ని బడులకు తిరిగింది. ఒకచోట ఎనిమిదేళ్ల పాప వరండాలో విడిగా కూర్చుని పలక మీద గీతలు గీస్తోంది. ఏ తరగతమ్మా అని అడిగితే, ఏ బాధా లేకుండా, తన పేరు చెప్పుకున్నంత తేలిగ్గా చెప్పింది.

"నేను ఖాళీ సెక్షనండి."

హైమవతి ఆ పాప పక్కన వరండాలో కూర్చుంది. నీ పేరేంటని అడిగి ఆగింది. పిల్ల పేరు చెప్పేలోగా టీచరమ్మ కలగజేసుకోబోతే చేయి అడ్డం పెట్టింది. పాప పేరు చెప్పింది. ఆ తర్వాత ఇంకేదో కూడా చెప్పింది, పలక మీద గీసింది చీమల పుట్ట లోపలి దారులట. అలాంటి పిల్లలు ఎందరో. కొందరు అప్పటికే బడి మానేశారు. వాళ్లలో చాలామందిని ఆమె కలవలేకపోయింది. ఆ సంగతి ఆమెను ఇప్పటికీ వదలదు.

నూకరత్నం మూడోసారి పరీక్షకు వెళ్లింది. నోటి ప్రశ్నలన్నీ ముందే తనను అడిగేసి, మిగతా అందరి దగ్గరికీ వెళ్లి, జవాబుల కోసం చివర తన దగ్గరకు రమ్మని పరీక్షాధికారిని ఒప్పించుకుంది. గట్టెక్కింది. కొండ మీంచి చూస్తే రేవులో ఎత్తయిన క్రేన్లు కనిపిస్తాయి. వాటిలో ఏదో ఒక దాంట్లో ఆమె ఉంటుంది. ఏదో హైమవతికి తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం హైమవతి, పురుషోత్తం ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఇద్దరి తలలకూ టోపీలున్నాయి; ఇమ్మానియేలు ఓ మూల యంత్రం దగ్గర కూర్చున్నాడు. ఆయన రావడానికి ఇష్టపడుతున్నారో లేదో కనుక్కోవడానికి ఆమె ముందురోజంతా ఆగింది. సాయంత్రం ఆయన ఎడమ చేత్తో ఆమె చేతిలో ఉన్న టోపీని అందుకుని, తన ఒళ్లో కాసేపు ఉంచుకుని, దాన్ని ఆమె తల మీద పెట్టాడు. ఆమె నడకను ఆయన చూడలేదింతవరకూ. చూడాలనుకుంటున్నారని ఆమెకు అర్థమైంది.

ఆమె మాట్లాడింది. ముద్దుగా కాదు, వెనకటిలాగా. నిధులు ఆగిన సంగతీ, తాళం పడ్డ గదుల సంగతీ, వరండాలో కూర్చున్న పాప సంగతీ చెప్పింది. దారం బల్ల అంతటా కొమ్మలు వేసింది. పురుషోత్తం తల కొంచెం వంచి, కళ్లు పెద్దవి చేసుకుని ఆ వెలుగునే చూస్తున్నాడు. అన్నేళ్లుగా చెవితో విన్నదాన్ని కంటితో చూస్తున్నాడు. ఆయన పెదవి ఎడమ కొస కదిలింది.

"బల్లను మొదటి నుంచీ మళ్లీ కట్టుకు రావాలండీ," అంది చివరికి. "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నన్నేం చెయ్యమంటారు?"

అడిగి, ఆగింది. దారం సన్నబడి ఆరిపోయింది. బల్ల మొత్తం నల్లబడింది. ఆమె పళ్లు బిగబట్టుకుని కూర్చుంది.

ఆయన వైపు నుంచి చుక్కలు లేచాయి. నెమ్మదిగా, గుంటలను చుట్టుకుంటూ, బల్ల మధ్యకు వచ్చాయి. మధ్య దాటాయి. ఆమె దారం ఎక్కడ ఆగిపోయిందో అక్కడికి వెళ్లి, ఆ చోటు చుట్టూ గుమికూడాయి. ఆయన పలకలేదు. వేలైనా కదపలేదు. గదిలో చప్పుడు లేదు. అయినా ఆ చుక్కల మధ్య నుంచి ఆమె దారం తిరిగి మొలకెత్తింది. ఎవరి మాటా లేకుండా, ఎవరికీ బదులు చెప్పకుండా, ఆయన చుక్కల్లో కలిసి కొత్త వైపు సాగింది. ఇమ్మానియేలు లేచి తీగలన్నీ ఒకటొకటిగా పట్టుకుని చూశాడు. యంత్రంలో ఏ తప్పూ లేదు. హైమవతి కళ్ల నీళ్లు తుడుచుకుంటే ఆ కాస్త కదలికకే ఇది చెదిరిపోతుందేమోనని తుడుచుకోలేదు.

ఆ రోజు ఆయన నుంచి జవాబు రాలేదు. ఆమె రెండోసారి అడగనూ లేదు.

మర్నాడు పొద్దున ఆమె హడావుడిగా ఉంది. మరో బడికి వెళ్లాలి, బస్సు వేళయింది. పురుషోత్తానికి కాఫీ ఇచ్చి, సంచీ భుజాన వేసుకుంది. ఆయన భోజనాల బల్ల కింద నుంచి ఎడమ కాలు చాపి, ఎదుటి కుర్చీని ఆమె వైపు నెట్టాడు. అది నేల మీద కిర్రుమంటూ అంగుళం జరిగింది. ఆయన ఊపిరి తీసుకుని మళ్లీ నెట్టాడు. ఇంకో అంగుళం. నుదుట చెమట పట్టింది.

నిన్నటి ప్రశ్న గుర్తొచ్చి, హైమవతి సంచీ కింద పెట్టి ఆ కుర్చీలో కూర్చుంది.